అత్యవసర నంబరు

“మా అమ్మాయి పేరు కొట్టేయండి మేడమ్,” అన్నాడు లిఫ్టు మెకానిక్, కుర్చీలో కూర్చోకుండానే.

విదేశీ చదువుల విభాగం అధికారి చేతిలో పెన్ను ఆగిపోయింది. కరోనా వచ్చినప్పుడు కాలేజీలో మూతపడ్డ విభాగం అది. మూడేళ్ళ తర్వాత గది తాళం తీసి, దుమ్ము దులిపి, గోడకు కొత్త ప్రపంచ పటం తగిలించి నెల కూడా కాలేదు. పిల్లలు ఒక సెమిస్టరు విదేశంలో చదివొచ్చే పద్ధతి మళ్ళీ మొదలవ్వాలంటే కనీసం పదిమంది కావాలన్నారు డీన్ గారు. సాయంత్రం ఐదింటికల్లా జాబితా ఆయన బల్ల మీద ఉండాలి. ఆ పదిమందిలో పదో పిల్ల ఈయన కూతురు. ఇప్పుడు టైము మూడున్నర.

“ఫారం అంతా నింపేసింది కదండీ. మీ సంతకం ఒక్కటే తక్కువ,” అంది ఆమె.

“ఆ ఒక్కటీ పెట్టను.”

గుమ్మం బయట బెంచీ మీద కూతురు వినబడనట్టు కూర్చుని అంతా వింటోంది. లోపల పక్క బల్ల దగ్గర ముసలి గుమాస్తా కూడా అదే పనిలో ఉన్నాడు.

“ముందు కూర్చోండి. మీ భయమేమిటో చెప్పండి.”

ఆయన కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి లిఫ్టు సర్వీసు కార్డు తీసి వెనక్కి తిప్పాడు. దాని నిండా సన్నటి అక్షరాలతో పద్నాలుగు ప్రశ్నలు.

మళ్ళీ సరిహద్దులు మూసేస్తే? తిరుగు టికెట్టు ఏ రోజుకైనా మార్చుకోవచ్చంది ఆమె. హాస్టలు ఖాళీ చేయమంటే? పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంటామని అక్కడి కుటుంబాలు కొన్ని రాసిచ్చాయంది. జ్వరమొస్తే? ఆసుపత్రి, బీమా ఉన్నాయి, రోజూ పొద్దున్నే హాజరు తీసుకుని రానివాళ్ళ గదికెళ్ళి చూస్తారంది. ఒక్కో ప్రశ్నకీ ఒక్కో కాయితం తీసి ఆయన ముందు పెట్టింది. ఈ మూడేళ్ళూ ఆమె కూర్చుని తయారుచేసినవి అవే. ఆయన కాయితం ఆసాంతం చదివి, ప్రశ్న పక్కన టిక్కు పెట్టి, ఆ తర్వాతే ఇంకోటి అడుగుతున్నాడు. పదమూడు టిక్కులు పడేసరికి గుమాస్తా మొహం విప్పారింది.

“పద్నాలుగోది?”

“ఇది,” అంటూ ఫారం అడుగున అచ్చువేసిన, అక్కడి కాలేజీవాళ్ళ అత్యవసర నంబరు మీద వేలు పెట్టాడు. “ఎత్తుతారా?”

“ఇరవై నాలుగ్గంటలూ ఎత్తుతారండీ.”

“ప్రతి లిఫ్టులోనూ అలాగే రాసుంటుంది మేడమ్. ఇరవై రెండేళ్ళ నుంచి చూస్తున్నాను. మధ్యలో ఇరుక్కున్నవాడు ఫోను చేస్తూనే ఉంటాడు, అవతల మోగుతూనే ఉంటుంది. అందుకే మా కంపెనీ ఫోను నా దగ్గరే పెట్టుకుంటాను, స్నానానికి వెళ్ళినా సరే.” బల్ల మీది ఫోను ఆమె వైపు జరిపాడు. “ఇప్పుడు చేయండి. ఎత్తితే సంతకం పెడతాను.”

“అక్కడ ఇంకా తెల్లారలేదండీ. నాలుగున్నర అయ్యుంటుంది.”

“ఇరుక్కున్నవాడు తెల్లారేదాకా ఆగుతాడా?”

ఆమె నంబరు కలిపి స్పీకరు నొక్కింది. మోగింది. గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. రెండో రింగు. మూడో రింగు. లిఫ్టు మెకానిక్ కార్డు జేబులో పెట్టుకోబోయాడు. నాలుగోది మోగుతుండగా అవతల ఏదో కిందపడ్డ చప్పుడు, వెంటనే ఒక మగ గొంతు ఇంగ్లీషులో గబగబా మాట్లాడింది.

“ఏమంటున్నాడు?”

కూతురు అప్పటికే గుమ్మం దాటి లోపలికొచ్చేసింది. “ఏ విద్యార్థికి ఏమైంది, ఇప్పుడు ఎక్కడున్నారు అని అడుగుతున్నాడు నాన్నా.”

ఫోనులో తాళాలగుత్తి గలగలలాడింది. తర్వాత అక్కడి తలుపు తెరుచుకుంది.

“అదేం చప్పుడు?”

“బూట్లు కనబడలేదట. చెప్పులతోనే బయల్దేరాడట. ఎక్కడికి రావాలో చెప్పమంటున్నాడు.”

లిఫ్టు మెకానిక్ ఫోను వంక అలాగే చూశాడు. ముందు పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు, ఆపైన గది దద్దరిల్లేలా నవ్వాడు. “ఆపు తల్లీ, పాపం ఆయన్ని ఆపు. వీధి చివరికి వెళ్ళిపోయేలా ఉన్నాడు. వెళ్ళి పడుకోమని చెప్పు.”

కూతురు క్షమించమని, ఊరికే సరిచూసుకోవడానికి చేశామని చెప్పింది. అవతల ఆయన కూడా నవ్వాడు.

“ఎన్నో రింగుకి ఎత్తానని అడుగుతున్నాడు నాన్నా.”

“నాలుగు అని చెప్పు. నేనైతే రెండోదానికే ఎత్తుతాను.”

సంతకం పడింది. దాని చివరి గీత కాయితం అంచు దాటి బల్ల మీదికి కూడా పాకింది. తండ్రీ కూతుళ్ళు వెళ్ళాక కూడా నడవా పొడుగునా ఆ పిల్ల మాటలు, ఆయన నవ్వు వినబడుతూనే ఉన్నాయి.

గుమాస్తా ఫారాలన్నీ ఫైల్లో సర్ది తాడు గట్టిగా ముడివేశాడు. “సరిగ్గా పది మేడమ్. డీన్ గారికి ఇచ్చొస్తాను.”

“ఒక్క నిమిషం. ఆ ముడి విప్పండి.”

గుమాస్తా ఫైలు మళ్ళీ బల్ల మీద పెట్టాడు. “మళ్ళీ ఏమైంది మేడమ్?”

ఆమె సొరుగు లాగి, అట్టడుగు నుంచి మడతపెట్టిన ఫారం ఒకటి తీసి బల్ల మీద పరిచింది. అందులో తల్లి సంతకం చోటు తప్ప అన్నీ నింపి ఉన్నాయి.

“ఇదెవరిది మేడమ్?”

“మావాడిది,” అంది ఆమె పెన్ను మూత తీస్తూ. “ఇరవై రోజుల నుంచి సంతకం పెట్టమని నా వెంటపడి తిరుగుతున్నాడు.”