కొత్త డ్రైవరు

"అమ్మాయ్, ఆ బండి ఇలా ఇవ్వు."

బొమ్మల కొట్టు గుమ్మంలోంచే కేకేశాడు డ్రైవరు.

కౌంటరు దగ్గర నిలబడి, రిమోటు ట్రక్కు చక్రం బిగిస్తున్న అమ్మాయి తలెత్తి చూసింది.

ముప్పై నాలుగేళ్లు లారీ నడిపిన మనిషి అతను. నడుం పూసలు అరిగిపోయాయి, ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆరు నెలలుగా ఇంట్లోనే. కుక్కరు కూతకీ, పక్కింటి స్కూటరు చప్పుడుకీ కూడా వంకలు పెడుతుంటే భార్యకి విసుగెత్తింది.

"బొమ్మ బండైనా కొనుక్కుని నడుపుకోండి. నా ప్రాణం తియ్యకండి" అంది.

ఆవిడ విసుక్కుని అన్న మాట అతను నిజంగానే పట్టుకున్నాడు.

"ఎవరికి బాబాయ్‌గారూ? మనవడికా?" అడిగింది అమ్మాయి.

"నాకే."

"ఇంతకుముందు నడిపారా?"

"పది చక్రాల లారీ. చాలా?"

అమ్మాయి నవ్వలేదు. అతని చేతుల వైపు చూసింది. అవి కౌంటరు అంచుని స్టీరింగులా పట్టుకుని ఉన్నాయి.

"ఎన్నాళ్లయింది మానేసి?"

"ఆరు నెలలు."

"ఒక్క నిమిషం" అని లోపలి గదిలోకి వెళ్లి, కొట్టు యజమానితో ఏదో మాట్లాడి వచ్చింది.

"తీసుకోండి. గుంటలైనా బురదైనా దీనికి లెక్కలేదు. బ్యాటరీ మాత్రం నేను చెప్పిందే పెట్టండి."

"అన్నిటికన్నా బలమైంది కావాలి. ఆ బీరువాలో ఉందే, అది."

"అది లిథియందండీ. బండి బాణంలా పోతుంది. కానీ గట్టి దెబ్బ తగిలినా, ఛార్జింగు ఎక్కువైనా బ్యాటరీ పొంగుతుంది, ఒక్కోసారి నిప్పంటుకుంటుంది. నేర్చుకునేవాళ్లకి ఈ నికెల్‌ది మేలు. బరువెక్కువ, వేగం తక్కువ. అయినా మొండిది."

"చవకరకం అంటగడుతున్నావన్నమాట."

ఆ మాటకీ ఆమె ఏమీ అనుకోలేదు. ట్రక్కు పైకప్పు విప్పి, లోపల అగ్గిపెట్టెంత డబ్బా చూపించింది.

"వేగాన్ని అదుపు చేసేది ఇదే. నీళ్లు పడినా ఏం కాదు. రేపు మీరు లిథియం పెట్టుకున్నా, దాన్ని పాడయ్యేదాకా పిండెయ్యకుండా ముందే బండిని ఆపేస్తుంది. ప్రస్తుతానికి సగం స్పీడుకి పెడుతున్నాను. నెల్లాళ్లు ఇలాగే నడపండి."

"సగం స్పీడా! కొండదారిలో, జోరు వానలో, నిండు లోడు దింపినవాణ్ణి నేను!"

"అప్పుడు మీరు బండి లోపల కూర్చున్నారు. ఇప్పుడు బయట నిలబడతారు."

"కొట్లో పనిచేసేదానివి, నాకు డ్రైవింగు నేర్పుతావా? ముందు ప్యాక్ చెయ్యి."

ఆమె ప్యాక్ చేసింది. వాడిన బ్యాటరీ చల్లారాకే ఛార్జింగు పెట్టాలని చెబుతుండగానే, అతను డబ్బు కౌంటరు మీద పడేసి, అట్టపెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దాటాడు.

మర్నాడు పొద్దున్నే వీధి చివరి ఖాళీ స్థలంలో బండి దింపాడు.

పోయేటప్పుడు మహారాజులా పోయింది. వెనక్కి తిరిగి తన వైపు వస్తున్నప్పుడే వచ్చింది తంటా. కుడికి తిప్పితే ఎడమకి పోయింది. ఎడమకి తిప్పితే కుడికి పోయింది. కంగారులో ఇంకా తిప్పాడు. బండి సరాసరి ప్రహరీ గోడని గుద్ది, వెల్లకిలా పడి, చక్రాలు గాల్లో తిప్పుకుంటూ ఉండిపోయింది.

ముప్పై నాలుగేళ్లలో బండికి ఒక్క గీత పడనివ్వని మనిషి. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

నడుం పట్టుకుంటూ వెళ్లి బండిని తిప్పి చూశాడు. బంపరు మీద చిన్న గీత. అంతే. పూర్తి వేగంతో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆ డ్రైవరుకి ఒకరు చెప్పక్కర్లేదు.

'బయట నిలబడతారు' అన్న మాట అప్పటికి తలకెక్కింది.

ఆ రోజు నుంచి ఆమె చెప్పింది చెప్పినట్టు చేశాడు. నికెల్ బ్యాటరీ, సగం స్పీడు. చల్లారాకే ఛార్జింగు. వారం తిరిగేసరికి బండి ఎదురొస్తున్నా చెయ్యి తడబడటం మానేసింది.

భార్య గొడుగేసుకుని చూడటానికి వచ్చేది.

"అటు కాదండీ, ఇటు! రాయి, రాయి!"

"క్లీనరు అరవకూడదు" అనేవాడు.

"క్లీనరుకి జీతమెప్పుడిస్తారు మరి?" అనేదావిడ. నాలుగో రోజున రిమోటు లాక్కుని, తనే ఇసుకగుట్ట ఎక్కించేసింది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. అలా నవ్వుకుని ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు.

నెల్లాళ్లు నిండాయి. డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని కొట్టుకి వెళ్లాడు. యజమాని ఒక్కడే ఉన్నాడు.

"లిథియం బ్యాటరీ కోసం వచ్చాను. ఆ అమ్మాయిని పిలవయ్యా, తన చేత్తోనే తీసుకుంటా. ఆ రోజు కాస్త నోరు జారాను, ఆ సంగతీ చెప్పుకోవాలి."

"ఏ అమ్మాయండీ?"

"నీ దగ్గర పనిచేసే అమ్మాయి."

"నా దగ్గర ఎవరూ పనిచెయ్యరండీ" అన్నాడతను. "ఆ రోజు మీతో మాట్లాడినావిడా? ఆవిడకి బదిలీ అయింది. పోయిన వారమే ఊరు వదిలి వెళ్లిపోయారు."

"మరి ఆ రోజు ఇక్కడ నిలబడి చక్రాలు బిగిస్తూ..."

"ఆవిడా ఈ బండ్లకి కొత్తేనండీ, ఒక్కసారీ నడిపి ఎరగరు. ఏ మోటారు మంచిది, ఏ బ్యాటరీ మంచిదని ఐదు నెలలు అందర్నీ అడిగి తెలుసుకుని, ఒక్కొక్కటీ ఏరి తెప్పించుకున్నారు" అంటూ యజమాని అతని వైపు చూశాడు. "మీరు పట్టుకెళ్లింది ఆవిడ బండే."