ఇరుకు మెట్లు

గంగాధరరావుగారికి తుమ్ము వచ్చింది. ఆయన ముక్కు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని స్మరించి, దానిని లోపలే అణిచివేశారు. తుమ్మితే ఎడమ పక్కటెముకలు కలుక్కుమంటాయి.

వేసవిలో సింహాచలం మెట్ల మీద జారిపడ్డానని ఆయన అందరికీ చెప్పి ఉన్నారు. దేవుడి మెట్ల మీద విరిగిన ఎముకలు కావడంతో ఆఫీసులో వాటికి కొంత పవిత్రత కూడా అబ్బింది. గుమాస్తాలు నమస్కరించేటప్పుడు ఆయన ముఖానికి కాక, కాస్త కిందికి, ఎడమవైపుకు నమస్కరించేవారు.

ఆనాడు ఆయన అధ్యక్షతన ఇద్దరు సభ్యుల క్రమశిక్షణ సంఘం విచారణ. ఎదుట నిలబడ్డవాడు గవర్రాజు. గాజువాకలో తిరిగే అంబులెన్సులో టెక్నీషియను. ఆ వేసవిలోనే ఆటోనగర్‌లో పేకాట క్లబ్బు మీద పోలీసులు పడ్డప్పుడు దొరికాడు. కోర్టు జరిమానా వేసింది. నేరస్థుడని ముద్రపడ్డ మనిషికి రోగుల ప్రాణాలు అప్పగించవచ్చునా, అతని సర్టిఫికెట్టు ఉంచాలా, రద్దు చేయాలా అన్నది ఇప్పుడు తేలాలి. రద్దయితే గవర్రాజు ఇక ఈ జన్మలో అంబులెన్సు ఎక్కలేడు, పడుకుని తప్ప.

"కోర్టులో నేరం ఒప్పుకున్నావు కదా?" అని గద్దించారు గంగాధరరావుగారు.

"ఒప్పీసుకున్నానండి. వాదించుకుంటే ఏళ్ళు పడతాది, ఒప్పీసుకుంటే మధ్యాన్నం బోజనానికి ఇంటికెల్లిపోతావు అన్నాడు ప్లీడరు. అప్పటికే ఆకలేత్తన్నాది. సర్టిఫికెట్టుకి ఎసరొత్తాదని ఆడూ సెప్పలేదు, నానూ అడగలేదు."

సంఘంలో రెండో సభ్యురాలైన డాక్టర్ సూర్యకళ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. గంగాధరరావుగారికి ఆపుకోవలసిన నవ్వేదీ రాలేదు.

"జూదం! పాచికల మోజులో పడి రాజ్యాలు పోగొట్టుకున్న మహారాజుల గతి ఏమైందో ఎరుగుదువా?"

"అడవికి పోనారండి. మళ్ళీ వచ్చీసినారు కూడా కదండి. నాను రావాలంటే మీరు ఒప్పుకోవాల."

"అసలు అక్కడికి ఎందుకు వెళ్ళావు?" అంది సూర్యకళ.

"ఆ వేళ నాకు సెలవు మేడమ్. మా ఇల్లు ఆ పక్క సందులోనే. లుంగీ కట్టుకుని సేపలు కడుగుతన్నాను. క్లబ్బు వాచ్‌మన్ పరిగెట్టుకొచ్చి, ఆడతా ఆడతా ఒక పెద్దాయన ఒరిగిపోనాడన్నాడు. అంబులెన్సుకి ఫోన్ సేత్తే ఊరంతా తెలిసిపోద్దంట. ఎల్లి సూత్తే నాడి లేదు. రొమ్ము మీద సేతులేసి నొక్కీసాను. నొక్కగా నొక్కగా ఊపిరొచ్చింది. ఆయన్ని కారులో ఏసుకుని పోనారు. నాను సెమట తుడుసుకుంటా ఆయన కుర్సీలోనే కూకున్నాను. ఎదర ఆయన ముక్కలు అలాగే ఉన్నాయి. సరిగ్గా అప్పుడొచ్చారు పోలీసులు. మిగతావోళ్ళు గోడ దూకీసినారు. నాకు లెగడానికి ఓపిక లేదు."

సూర్యకళ ఉండబట్టలేకపోయింది. "ముక్కలు ఎలా ఉన్నాయి?"

"సెత్త ముక్కలండి. ఆ ముక్కలు పడితే ఎవుడికైనా గుండాగిపోద్ది."

గంగాధరరావుగారి ముఖం కందగడ్డ అయింది.

"కట్టుకథ! సెలవునాడు, చేపలు వదిలిపెట్టి, ఆ ఇరుకు మెట్లెక్కి, ముక్కూ ముఖం తెలియనివాడి కోసం వెళ్ళావంటే మేము నమ్మాలా?"

గవర్రాజు ఒక్క క్షణం ఆయనకేసి చూశాడు.

"మెట్లు ఇరుకేనండి," అన్నాడు మెల్లగా.

సూర్యకళ ముందుకు వంగింది. "చూడు గవర్రాజూ. ఆ పెద్దాయన వచ్చి ఒక్క మాట చెబితే చాలు, నీ సర్టిఫికెట్టు నిలబడుతుంది. ఎవరాయన?"

గంగాధరరావుగారు నుదురు తుడుచుకుని, ఫ్యాను వేయమని బంట్రోతును కేకేశారు. ఫ్యాను పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉంది.

"సెప్పకూడదండి. పేషెంటు సంగతి బయట పెట్టకూడదని ట్రైనింగులో మా సేత ఒట్టేయించారు. జడ్జీగారికే సెప్పలేదు, మీకేటి సెప్తాను?"

"చూశారా డాక్టరుగారూ!" గంగాధరరావుగారి గొంతు ఒక్కసారిగా తేలికపడింది. "పేరు లేని రోగి! ఉంటే కదా చెప్పడానికి!"

సర్టిఫికెట్టు ఉంచాలని సూర్యకళ అంది. తీసేయాలని ఆయన అన్నారు. ఇద్దరి మాటా చెరో వైపైతే అధ్యక్షుడి మాటే నెగ్గాలని నిబంధన. ఆయన కాగితం పైన భక్తిగా 'శ్రీ' చుట్టి, దాని కింద 'రద్దు' అని రాసి, సంతకం చేశారు.

సూర్యకళ ఫైలు తీసుకుని విసవిసా వెళ్ళిపోయింది. గవర్రాజు మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

ధర్మం నిలబెట్టిన తృప్తితో గంగాధరరావుగారు లేవబోయారు. పక్కటెముకలు పట్టేశాయి. సగం లేచి, సగం కూర్చుని, బల్ల పట్టుకుని అలాగే ఉండిపోయారు.

గవర్రాజు బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. చంక కింద చెయ్యి వేసి, అలవాటైన ఒడుపుతో ఆయనను పైకి లేపాడు.

"ఊపిరి బిగబట్టకండి సార్. మెల్లగా వదలండి. అదీ."

తలుపు దగ్గర బంట్రోతు ఉన్నాడు. వాడికి వినబడకుండా గవర్రాజు ఆయన చెవి దగ్గరికి వంగి అడిగాడు: "ఆ వేళ క్లబ్బులో నా సేతుల కింద ఇరిగిన ఎముకలు ఇంకా అతుక్కోలేదేటండి?"