మూడో కట్టలో ఖాళీ

“ఇది లిటరేచర్ రివ్యూ కాదయ్యా షబ్బీర్, రేషన్ షాపు క్యూ. ముందొచ్చినవాడు ముందు, వెనకొచ్చినవాడు వెనక,” అంటూ గైడు రామకోటేశ్వరరావు గారు ఫైలు మూసేశారు. “ఏ సంవత్సరంలో ఎవరు రాశారని కాదు, దేని గురించి రాశారో చూడు. విషయం వారీగా కట్టలు కట్టు. ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి బయటపడుతుంది. అదే నీ థీసిస్.”

షబ్బీర్‌కు టైము లేదు. పన్నెండేళ్లుగా ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. రెండేళ్లలో పీహెచ్‌డీ రాకపోతే ఉద్యోగం ఉండదని యాజమాన్యం కాగితం మీదే రాసిచ్చింది.

ఆదివారం పొద్దున బెంజ్ సర్కిల్ వెనక తన ఫ్లాటులో హాలు నిండా చీటీలు పరిచాడు. రెండు వందల పధ్నాలుగు పేపర్లు. ఒక్కోదానికి ఒక్కో చీటీ. అన్నీ ఒకే సంగతి చుట్టూ తిరిగేవే. రొయ్యల చెరువులొచ్చాక డెల్టా ఊళ్లకు పట్టుకున్న ఉప్పు.

భార్య మున్నీ కత్తిపీట దగ్గర్నుంచి లేచొచ్చి కింద కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరినంత వేగంగా చీటీలు ఏరింది. ఉప్పెక్కిన నేల ఒక కట్ట. కాలువల నీరు రెండో కట్ట. ఊరి బావులు మూడో కట్ట.

“ఆ చీటీ నేల కట్టలోకి కదా రావాల్సింది?” అన్నాడు షబ్బీర్, రెండో కట్టలోంచి ఒకటి తీసి.

“పేరులోనే నేల ఉందండీ. లోపల కొలిచింది కాలువని.”

అతను చీటీని రెండో కట్టలోనే పెట్టేశాడు.

మూడో కట్ట పల్చగా ఉంది. ఆశగా తీశాడు. మొదటి చీటీ మీద పఠాన్ ఎ. రెండో దాని మీదా పఠాన్ ఎ. చివరిదాకా అదే పేరు.

ముఖం మాడిపోయింది. ఆ పేరు చూస్తే చాలు, అతనికి తిన్నది అరగదు. పఠాన్ ఎ. బంటుమిల్లి చుట్టుపక్కల నలభై ఊళ్లు తిరిగి, బావి బావికీ నీళ్లు పట్టి కొలిచిన మనిషి. ఆ పేపర్లను మూడు వందల మంది ఉటంకించారు. షబ్బీర్ పేపరును ఇద్దరే ఉటంకించారు. అందులో ఒకరు షబ్బీరే.

తొమ్మిదేళ్లుగా పఠాన్ ఎ. ఒక్క పేజీ కూడా రాయలేదు. అది గుర్తొచ్చినప్పుడే షబ్బీర్‌కు కాస్త హాయిగా ఉండేది.

“వీటిని తీసెయ్,” అన్నాడు.

“అన్నీనా?”

“పదకొండూ.”

“తీసేస్తే మూడో కట్టలో ఏమీ మిగలదండీ.”

“మిగలకూడదనే. బావుల గురించి ఎవరూ రాయలేదు. రాయబోయేది నేను.”

“ఒక్కటైనా ఉంచండి. ఎక్కడో ఒక మూల.”

“ఒక్కటి కనపడితే మా గైడు మిగతా పదీ తవ్వుతాడు. ఏం, పఠాన్ గారి పేరు లేకపోతే కృష్ణా జిల్లాలో బావులు ఎండిపోతాయా?”

మున్నీ పదకొండు చీటీలూ అంచులు కలిపి సర్దింది. నిలువునా చింపింది. బీరకాయ తొక్కులతో కలిపి చెత్తబుట్టలో వేసింది.

ఏడాదిన్నర తర్వాత వైవా. పరీక్షించడానికి బయటి యూనివర్సిటీ నుంచి అబ్రహాము గారు వచ్చారు. థీసిస్ ఆసాంతం చదివొచ్చిన మనిషి.

“ఊరి బావుల మీద ఇదివరకు ఎవరూ పని చేయలేదని రాశారు. గట్టిగా వెతికారా?”

“రెండు వందల మూడు పేపర్లు చూశానండి. ఎవరూ ముట్టుకోలేదు.”

అబ్రహాము గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “సరే. ముందు భోజనాలు కానిద్దాం. సంతకాలు ఆ తర్వాత.”

వైవా నాటి భోజనం స్కాలర్ ఇంటివాళ్లే పెట్టాలి. ఎక్కడా రాయని రూలు అది. డిపార్ట్‌మెంటు గదిలో బల్లలు కలిపి వేశారు. మున్నీ ఇంట్లో వండి తెచ్చిన బిర్యానీ వడ్డిస్తోంది. వెనకే పెరుగు చట్నీ గిన్నెతో షబ్బీర్. అతనికి ఒళ్లు తేలిగ్గా ఉంది. రెండు వందల నలభై పేజీల పుస్తకంలో పఠాన్ ఎ. అన్న మాటే లేదు. ఇక ఎప్పటికీ ఉండదు.

“ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదయ్యా,” అన్నారు అబ్రహాము గారు ముద్ద కలుపుతూ. “బంటుమిల్లి బావుల మీద పఠాన్ అని ఒకరు రాశారు. చాలా ఏళ్లయింది. మా పిల్లలకు ఇప్పటికీ ఆ పేపరే చదివిస్తాను. నీకు కనపడలేదా?”

షబ్బీర్ గిన్నెలోకి చూస్తూ, “లేదండి. ఆ పేరు వినడం ఇదే మొదలు,” అన్నాడు.

“వినలేదూ? అంత పని చేసిన మనిషి ఉన్నట్టుండి రాయడం మానేశారు. పాపం, ఇప్పుడు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో.”

“ప్రస్తుతం మీకు బిర్యానీ వడ్డిస్తున్నానండి,” అంది మున్నీ.