అంబులెన్సుకు చెప్పిన గుర్తు

వీరేశం ఆటోను లారీ గుద్దింది. అతని తొడకు నా తువ్వాలు గట్టిగా బిగించినా నెత్తురు ఆగడం లేదు.

అంబులెన్సు డ్రైవరు ఫోనులో దారి అడిగితే ఊరు, మండలం, పిన్‌కోడు అన్నీ చెప్పాను. ఇక అక్షాంశ రేఖాంశాలే మిగిలాయి.

"గవన్నీ వద్దమ్మా, దగ్గర్ల ఏమున్నదో చెప్పున్రి!"

నేను మళ్లీ పిన్‌కోడే చెప్పాను.

"టీచరమ్మా, కల్లు దుకాణం పేరు చెప్పు జర!" వీరేశం మూలిగాడు. "నీ పట్టింపుకు నా పానం పోతాంది."

కళ్లు మూసుకుని చెప్పాను.

"గదా! ఎరుకే," అన్నాడు డ్రైవరు. బండి నిమిషాల్లో వచ్చింది. వీరేశం దక్కాడు.

ఆ దుకాణం మూయించాలని దాని ముందు ఏడాదిపాటు ధర్నా చేసింది నేనే. అది మూతపడలేదు. నకిరేకల్ దాకా అందరూ దాన్ని 'స్వర్ణ టీచర్ కల్లు దుకాణం' అంటారు.