సాయంత్రపు హాలు

"మా నాన్నతో మీకిప్పుడేం పని?" అంది ఆమె, తలుపు సగమే తెరిచి.

గుమ్మంలో ఉన్నది ఒక పెద్దమనిషి. ఆయన గీసిన కట్టడాలను చూడడానికి జనం విమానాలెక్కి వస్తారు. మర్నాడు ఆయన మెడలో బంగారు పతకం వేయబోతున్నారు. అంతటి ఆర్కిటెక్టు, ఒకప్పుడు తన దగ్గర పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్ గడప ముందు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. క్షమాపణ చెప్పుకోవాలనీ, అది చెప్పకుండా ఆ పతకం వేయించుకోలేననీ అన్నాడు.

"నలభై ఏళ్ళకు గుర్తొచ్చామా? మీరు వెళ్ళగొట్టాక నాన్నను ఇంకే ఆఫీసూ చేర్చుకోలేదు. దుకాణాలకు బోర్డులు రాసి మమ్మల్ని పెంచాడు. నాన్న చేశాడన్న ఆ తప్పుతోనే మీకు పేరొచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది."

అందులో అబద్ధమేమీ లేదు. ఆయనకు పేరు తెచ్చిన మొదటి కట్టడం ఒక గ్రంథాలయం. చదువుకునే హాలుకు కిటికీలన్నీ తూర్పున ఉండాలని గీశాడు. తీరా గోడలు లేచాక వెళ్ళి చూస్తే కిటికీలు పడమర ఉన్నాయి. భవనం మొత్తం అద్దంలో బొమ్మలా అటూ ఇటూ మారిపోయింది. ప్లాను గీసిన పల్చటి కాగితాన్ని ప్రింటు మిషన్‌లో తిరగేసి పెడితే అలాగే వస్తుంది. ఆ ఆఫీసులో అక్షరాలూ, దిక్కుల గుర్తూ ప్రింటు వచ్చాకే చేత్తో వేసేవారు గనక తేడా ఎవరి కంటా పడలేదు. కట్టించేవాళ్ళు నిలదీస్తే ఆయన డ్రాఫ్ట్స్‌మన్ వైపు వేలు చూపించాడు. తర్వాత ఆ హాల్లో బల్లల మీద వాలే సాయంత్రపు ఎండను లోకమంతా మెచ్చుకుంది. అప్పుడు మాత్రం అది తన ఆలోచనేనన్నాడు.

లోపలి నుంచి "ఎవరమ్మా?" అని వినబడింది. ఆమె విసుక్కుంటూనే పక్కకు తప్పుకుంది.

కిటికీ పక్కన పాత డ్రాయింగు బల్ల. దాని మీద మందుల సీసాలు, కళ్ళజోడు, బ్లేడుతో చెక్కిన పెన్సిళ్ళు. ఆఫీసులో అందరూ బాబాయి అని పిలిచే మనిషి అక్కడే కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. వచ్చిందెవరో చూసి లేవబోయాడు. ఆర్కిటెక్టు ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టి, తను నిలబడే ఉన్నాడు.

"బాబాయ్, ఆ కాగితం మిషన్‌లో పెట్టింది నువ్వు కాదు, నేను. తొందరలో తిరగేసి పెట్టుంటాను. ఆ సంగతి తెలిసే నీ మీదకు తోశాను."

మంచినీళ్ళు తెస్తున్న కూతురు అక్కడే ఆగిపోయింది. ముసలాయన మాత్రం బల్ల మీది పెన్సిలును అటూ ఇటూ దొర్లిస్తూ ఉండిపోయాడు.

"తిట్టు బాబాయ్. ఆ రోజు కూడా ఒక్క మాట అనలేదు నువ్వు. ఎందుకని?"

"తేలు కుట్టిన దొంగ అరుస్తాడా, సార్?"

ఆర్కిటెక్టుకు అర్థం కాలేదు. కూతురికీ కాలేదు.

"మీకు రెండుసార్లు చెప్పాను. పగలంతా పనికి పోయేవాళ్ళు చదువుకోడానికి వచ్చేది సాయంత్రమే, వాళ్ళకు తూర్పు కిటికీలెందుకని. చెప్పింది గీయి చాలన్నారు."

ఆ మాట అన్నట్టు ఆర్కిటెక్టుకు గుర్తే లేదు. గుర్తు లేనందుకు ఇంకా సిగ్గేసింది. ఆ రోజు నీ మాట వినుంటే ఇంత పాపం జరిగేది కాదని గొణిగాడు.

ముసలాయన తలెత్తి, మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు.

"మీరు కాగితం సరిగ్గానే పెట్టారు సార్. మీరు ఫోను మాట్లాడడానికి వెళ్ళగానే దాన్ని తిరగేసి, మళ్ళీ ప్రింటు తీసింది నేనే."