ఎలీయాజరు వాంగ్మూలం

“కూకోయే! నీకేటొచ్చని లెగుస్తన్నావు?”

తబితా కూతురి కొంగు పట్టి లాగింది. డోర్కాస్ కూర్చోలేదు. కమిషన్ గదిలోని తలలన్నీ ఆ తల్లీకూతుళ్ల వైపు తిరిగాయి.

ప్రభుత్వం మారాక, ఎమర్జెన్సీ రోజుల్లో అధికారులు చేసిన అఘాయిత్యాలను విచారించడానికి కలకత్తాలో ఒక కమిషన్ కూర్చుంది. సీలు వేసి దాచిన దస్త్రాలను ఒక్కొక్కటే విప్పుతున్నారు. ఆ ఉదయం లక్క పగలగొట్టి తీసిన ఒక కట్టలో ఎలీయాజరు వాంగ్మూలం బయటపడింది. అది తెలుగులో ఉంది. అనువాదకుడు రావలసిన మద్రాసు మెయిలు ఇంకా రాలేదు. తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా అని జడ్జిగారు అడిగారు. డోర్కాస్ లేచి నిలబడింది.

ఎలీయాజరు తబితా భర్త. రేవులో క్రేను నడిపేవాడు. సరుకు దొంగిలించాడని ఏక్‌బాల్‌పూర్‌లోని ఇంటి నుంచి పోలీసులు పట్టుకుపోయారు. లాకప్ నుంచి పారిపోతూ గంగలో పడి చచ్చాడని తరువాత కబురు పంపారు. అప్పటి నుంచి తబితా వీధి కుళాయి దగ్గరికి వెళితే చాలు, “దొంగోడి పెళ్లాం వస్తంది, బిందెలు జాగర్త!” అని ఎవరో ఒకరు నవ్వేవారు. ఆమెకు కావలసింది ఒక్కటే. చచ్చినవాడి పేరు మీద నుంచి ఆ మాట చెరిగిపోవాలి.

ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పాడు. మృతుడి కూతురి చేత చదివించడం పద్ధతి కాదన్నాడు.

“ఎందుకు కాదు?” అన్నాడు ముందు వరసలోని హిరణ్మయ్ భద్ర. ఎలీయాజరును పట్టుకుపోయిన ఠాణాకు అప్పట్లో అధికారి ఆయనే. ఈమధ్యే రిటైరై, మడత నలగని ధోవతిలో, పాన్ డబ్బీతో వచ్చి కూర్చున్నాడు. “తండ్రి మాట కూతురి నోట వినడం కంటే న్యాయమేముంది? చదవనివ్వండి.”

ఆయనకు అంత ఉదారత ఎందుకు పుట్టుకొచ్చిందో తబితాకు అంతుపట్టలేదు. డోర్కాస్ మాత్రం ఆయన నవ్వుకేసి ఒక క్షణం చూసి, తానూ చిన్నగా నవ్వింది.

“ఒగ్గేయే, నలుగురిలో నవ్వులపాలయిపోతాం,” తబితా గొణిగింది.

“నువ్వు కళ్లు మూసుకొని పార్దన చేసుకో అమ్మా.”

జడ్జిగారు కళ్లజోడు సవరించుకున్నారు. “తెలుగు నీ మాతృభాషేనా, తల్లీ?”

“పుట్టినప్పటి నుంచీ అదేనండి.”

“బెంగాలీలో చెప్పగలవా?”

“బెంగాలీ బడిలో ఫస్టు డివిజనండి.”

“అయితే చెప్పు.”

ఆదివారం గుడిలో పాటల పుస్తకం పట్టుకునే తీరుగా డోర్కాస్ ఆ కాగితాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. గొంతు సవరించుకుంది.

“‘నేను ఎలీయాజరును. క్రేను మీద కూర్చున్నవాడికి కిందివాళ్ల నెత్తులే కాదు, చేతులు కూడా కనిపిస్తాయి. ఓడ నుంచి నేను దించిన వాచీల పెట్టెలు గోదాములోకి పోలేదు. భద్ర సాహెబు జీపులోకి పోయాయి. ఆయన తలెత్తి నన్ను చూశాడు. నేను సలాం కొట్టాను. నేను చేసిన తప్పు అదొక్కటే.’”

తబితా పెదవులు ఆ మాటల వెంటే తెలుగులో కదిలాయి. లాకప్ ఊచల అవతల అన్నం గిన్నె అందుకుంటూ, తాను రాసిచ్చింది ఇదేనని ఎలీయాజరు ఆమెతో చెప్పిన మాటలవి. ప్రార్థన అయిన ప్రతి సాయంత్రమూ ఆమె కూతురికి అప్పజెప్పిన మాటలవి.

పాన్ డబ్బీ నేల మీద పడి దొర్లింది.

“మిథ్యా! అంతా అబద్ధం!” భద్ర లేచి నిలబడ్డాడు. “అందులో అలా లేదు! దొంగతనం ఒప్పుకున్నట్టు ఉంది!”

“మీకు తెలుగు వచ్చా, భద్రబాబూ?” జడ్జిగారు శాంతంగా అడిగారు.

“రాకపోతేనేం? మా తెలుగు కానిస్టేబులు చేత రాయించింది నేనే! జీపు సంగతి రాసిన కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? నా చేతులతో నేనే తగలబెడితేనూ!”

గదిలో స్టెనో పెన్సిలు ఒక్కటే గరగరలాడింది. అది కూడా ఆగిన తరువాతగానీ తానేమన్నాడో భద్రకు వినబడలేదు.

“ఆ చివరి రెండు మాటలూ ఒకసారి చదివి వినిపించండి,” అన్నారు జడ్జిగారు స్టెనోతో. “బాబుగారు సంతకం చేస్తారు.”

డోర్కాస్ కాగితాన్ని మర్యాదగా మడిచి బల్ల మీద పెట్టింది.

వరండాలో, పొద్దున బల్ల మీద కూర్చోనివ్వని బంట్రోతే ఎదురొచ్చి తన స్టూలు వేశాడు. “కూర్చోండి మాసీమా. మీ ఆయన దొంగ కాదట, లోపల అందరూ అంటున్నారు.” తబితా కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. కాస్త తేరుకున్నాక కూతురి చెవి మెలేసింది.

“ఓలమ్మో, గుంటా! అంత మంది ముందర నీకు బయమెయ్యనేదేటే?”

“ఏసింది గానీ అమ్మా, ఈ ఆదివారం నుంచి పాస్టరమ్మగారితో చెప్పి నాకు తెలుగు అచ్చరాలు నేర్పించు, మళ్లీ పిలిస్తే కాయితం తిన్నగా పట్టుకున్నానో తలకిందులుగా పట్టుకున్నానో అయినా తెలియాల గదా!”