ఎత్తనన్న క్రేన్

గోదారి రెండోసారి లంకలన్నీ ముంచిన ఏడాది. అప్పటికే వరద కబురు రాగానే డ్రైవరు లేని క్రేన్లు వచ్చి, ఇళ్లను ఇళ్లుగానే ఎత్తి గట్టు మీద పెట్టడం మామూలైపోయింది. ఆ రోజు పల్లయ్య ఇంటిని మూరెడు లేపి క్రేన్ ఆగిపోయింది.

"కింద మనిషుంది. ఎత్తను," అంది.

ఇల్లు లేచిన నేల మీద పసుపునీళ్లు చల్లడం ఆ లంకలో ఆనవాయితీ. ఇల్లు కాస్త లేవగానే పల్లయ్య పెళ్లాం మంగాయమ్మ చెంబుతో దాని కిందికి దూరింది. నీళ్లు పెరట్లోకి వచ్చేశాయి.

"సిటికెలో వచ్చేత్తాది, ఎత్తవే తల్లీ! ఇల్లు పోద్ది!" అని పల్లయ్య మొత్తుకున్నాడు.

"ఇల్లు పోనీ. ఆవిడ ఇవతలికి రావాలి."

"మా ఆయన ఏనాడైనా నాకోసం ఇంత పట్టుబట్టాడా?" అని నవ్వుతూ మంగాయమ్మ బయటికొచ్చింది. క్రేన్ ఎత్తింది. వంటింటి అడుగున అతుక్కున్న రాతిపలక ఊడి, ఆమె వంగిన చోటే దబ్బున పడింది.

"నీ కడుపు సల్లగుండ," అన్నాడు పల్లయ్య, క్రేన్‌ను తలెత్తి చూస్తూ.

మర్నాడు పొద్దున్నే, నీళ్లింకా అందని మెరక వీధికి వెళ్లి, క్రేన్ లేపుతున్న ఇంటి కిందికి చెంబుతో దూరబోతున్న వదినగారికి చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు.

"జల్లేదేదో ఇల్లు గట్టెక్కాక జల్లుకో వదినా!"